చెవి గాటు

రాష్ట్రం విడిపోయిన కొత్తలో సంగతి. పత్రిక ఉద్యోగం మానేసి గిద్దలూరులో చిన్న కంప్యూటర్ సెంటర్ చూసుకుంటున్నాను. ఓడల పేర్లు, వాటి యజమానులు, అవి రిజిస్టరైన దేశాలు ఒక కంపెనీ కోసం పట్టికలో ఎక్కించడం మా పని.

ఒక మధ్యాహ్నం కొమరోలు గొర్రెలకాపరులు ఒకతన్ని జుట్టు పట్టుకుని లోపలికి ఈడ్చుకొచ్చారు. వాళ్ల పిల్లవాణ్ని ఓడ పనికి పంపిన ఏజెంటు అతను. ఆ ఓడ మీద దాడి జరిగి తగలబడింది. పిల్లవాడి ఆచూకీ లేదు.

"బొంబాయోళ్ల ఓడని చెప్పినాడన్నా వీడు. టీవీలో పనామా ఓడంటాండారు. ఏది నిజమో చూసి చెప్పు" అన్నాడు పిల్లవాడి చిన్నాయన.

చూశాను. యజమాని బొంబాయి. రిజిస్టరైన దేశం పనామా.

నా మాట పూర్తవకముందే చిన్నాయన కర్ర ఏజెంటు తల మీద పడింది. కీబోర్డు మీద నెత్తురు చిమ్మింది.

"మావోణ్ని పరాయి దేశానికి అమ్ముకున్నావు గదరా!"

కర్ర మళ్లీ లేచింది. నేను అడ్డం పడ్డాను.

"ఆగప్పా! మీ మందలో ఊరి ఆసాముల గొర్రెలు లేవా? మేపేది మీరు, ఎవరి గొర్రో తెలిపే చెవి గాటు ఆసామిది. ఇదీ అట్లనే. ఓడ బొంబాయోళ్లదే, నడిపేదీ వాళ్లే; కాగితాల మీది గాటు మాత్రం పనామాది. ఇతను అబద్ధం చెప్పలేదు."

కర్ర దిగింది. గుమ్మంలో కూలబడి ఉన్న పిల్లవాడి తండ్రి అప్పుడు మెల్లగా నోరు విప్పాడు.

"ఆసామి గొర్రె చస్తే గాటున్న చెవి కోసుకపోయి ఆయప్పకు చూపిస్తాము నాయనా. నా కొడుకు చచ్చింటే పనామావోళ్లు నాకేం తెచ్చి చూపిస్తారు?"

ఎన్నో చావు వార్తలు రాసిన నేను కీబోర్డు మీది నెత్తురు తుడవసాగాను. చిన్నాయన తన తువ్వాలే చించి ఏజెంటు తలకు కట్టు కట్టాడు.

ఇప్పటికీ పట్టికలో ఓడ రిజిస్టరైన దేశం పేరు కొట్టేటప్పుడు నా చెయ్యి కాసేపు ఆగుతుంది.