గుడ్డను తినని నేల

మా చెలక, అంటే మెట్ట చేను, వాలు మీద ఉండేది. జహీరాబాద్ నుంచి మొగుడంపల్లి పోయే దారిలో బస్సు దిగి నడిస్తే ముందు కాక చెలక, దానికి పైన మాది. కాక అంటే మా నాయిన తమ్ముడు. అన్నదమ్ములు పంచుకున్నప్పుడు పైభాగాన్ని నాయినే కోరి తీసుకున్నాడు. మా ఇళ్ళల్లో చనిపోయినవాళ్ళను సొంత చెలకలోనే పెడతారు. తాత సమాధి పైన ఉంది. సమాధి ఉన్న భాగం పెద్దకొడుక్కే రావాలన్నది ఆనవాయితీ. ఆ మాటెత్తితే అమ్మ మండిపడేది.

"సచ్చినోళ్ల కోసం బతికున్నోళ్ల నోట్ల మన్ను కొట్టిండు."

మాది ఎర్ర మొరం, గట్టి గులకనేల. కాకదీ అదే వాలు, అదే వాన, కానీ అడుగున మట్టి నల్లగా మెత్తగా ఉండేది. ఆయన జొన్న మనిషిని దాటి పెరిగితే మాది నడుము దాకా వచ్చి ఆగేది. నాయిన ఏటా ఎండాకాలం ఎరువుకని పెంట బండ్లు తోలేవాడు. ఆ ఎత్తు ఎక్కలేక ఎడ్లు నురగలు కక్కేవి. మొదటి పెద్ద వానకే ఆ పెంటంతా ఎర్రనీళ్ళలో కలిసి కాక చెలకలోకి దిగేది. గట్టు వేస్తే గట్టు తెగేది. రాళ్ళు పేరిస్తే సందుల్లోంచి పోయేది. నాకు ఒళ్ళు మండేది, కానీ ఎవరి మీద చూపించాలి? వాన మీదా?

డెబ్భైల చివర్లో నేను డిగ్రీ చదువుతున్నాను. మాకు వృక్షశాస్త్రం చెప్పే మేడమ్, మట్టిలో కంటికి కనబడని జీవులుంటాయని, నూలు గుడ్డ పాతిపెడితే తినేస్తాయని చెప్పింది. గుడ్డ ఎంత చివికితే మట్టిలో అంత ప్రాణం ఉన్నట్టట. వాలు మీద పైనా కిందా పాతి తేడా చూడమంది. వానలకు ముందు నాయిన పాత ధోతి చింపి, మా చెలకలో ఒక ముక్క, కాక చెలకలో ఒక ముక్క పాతాను.

"ఏం బిడ్డా, గుడ్డలు నాటుతున్నవా? మొలిస్తే నాకు గూడ ఓ ధోతి ఇయ్యి" అని కాక నవ్వాడు.

వానలు తగ్గాక నాయినా నేనూ తవ్వాం. మా ముక్క దులిపితే దాదాపు పాతినప్పటిలాగే ఉంది. కాక చెలకలో నాలుగు దారప్పోగులు తప్ప ఏమీ దొరకలేదు. నాయిన ముఖం వెలిగిపోయింది.

"సూసినవా! మన భూమి గుడ్డను ఎంత మంచిగ కాపాడిందో. వానిదే ఖరాబయింది."

అమ్మ ఆ ముక్కను ఉతికి దండెం మీద ఆరేసింది. పెట్టెలో చీర చిమట కొట్టకుండా ఉంటేనే సంబరపడే ఇల్లు మాది, మరోలా ఎట్లా అనుకుంటారు? ఆ సంతోషం చెడగొట్టబుద్ధి కాలేదు నాకు. కానీ భూమి ఇంత బాగుంటే ఇక పెంట తోలడం ఎందుకు అన్నాడు నాయిన. అప్పుడు చెప్పక తప్పలేదు.

"తినేటియి లేకనే గుడ్డ మిగిలింది నాయినా. మట్టితోటి అయి గూడ కాక చెలకలకు కొట్టుకపోయినయ్."

ఆయన ఆ గుడ్డను వేళ్ళ మధ్య నలుపుతూ కూర్చున్నాడు.

"అంటే భూమి సచ్చిపోయిందా?"

"పూర్తిగ కాదు."

"మల్ల బతుకుతదా?"

మేడమ్‌ను అడిగాను. మట్టి కదలకుండా నిలిచి, పెంట పడుతూ ఉంటే కొన్నేళ్ళకు బతకొచ్చు అంది. నిలిస్తే కదా! మా ఏడుపంతా అదే కదా.

సంగతి తెలిసి కాక తనంతట తానే వచ్చాడు. "అన్నా, నీ మట్టే నా దగ్గరున్నది. తోలుకపో" అన్నాడు. ఆ ఎండాకాలమంతా అన్నదమ్ములిద్దరూ కింది నల్లమట్టిని బండ్లకెత్తి పైకి చేర్చారు. పరిచిన చోట చెయ్యి పెడితే చల్లగా తగిలింది. నాకూ ఆశ పుట్టింది.

వాన వచ్చింది. ఇద్దరూ గొంగళ్ళు కప్పుకుని గట్టు మీద నిలబడ్డారు. వాళ్ళ కళ్ళ ముందే గట్టు తెగి, ఎక్కించిన మట్టి ఎక్కించిన దారినే దిగిపోయింది. కాక ఏడ్చినంత పని చేశాడు.

"మల్ల ఎక్కిద్దామే అన్నా."

"ఎన్నిసార్లు ఎక్కిస్తం రా? నీళ్లకు కిందికి పోవుడే తెలుసు."

ఎందుకిలా జరుగుతుందో ఆ ఊళ్ళో అందరికంటే నాకే బాగా తెలుసు. అయినా గంపెడు మట్టినైనా ఆపడం నా చేత కాలేదు. నా చదువు మీద నాకే అసహ్యం వేసింది.

ఎనభైల నడుమ నాయిన పోయాడు. పైన మొరంలో గుంత తవ్వడం కష్టమని, తన చెలకలో పెడదామని కాక బతిమాలాడు. అమ్మ వినలేదు.

"ఆయన జాగ ఆయనకు ఉన్నది" అంది.

గడ్డపారలతో గుంత తవ్వి, కొత్త తెల్లబట్ట చుట్టి, తాత పక్కనే పెట్టారు. ఒక్కొక్కరే పిడికెడు మన్ను వేస్తున్నారు. నా వంతు వచ్చేసరికి నా చూపు ఆ నూలుబట్ట మీదే నిలిచిపోయింది. ఈ నేల దాన్ని తినలేదు. ఇంక మా నాయినను ఎట్లా కలుపుకుంటుంది? మన్ను పట్టుకుని అలాగే నిలబడ్డాను.

"వెయ్యి బిడ్డా" అన్నాడు కాక, వెనకనుంచి.

వేశాను.