గుమ్మడికాయ పెట్టిన సొట్ట

మొన్న శుక్రవారం పొద్దున మా పక్క షెడ్డు టింకరింగ్ మేస్త్రి గారు పోయారండి. నిద్రలోనే వెళ్ళిపోయారు, ఎవర్నీ కష్టపెట్టలా. చాలామందికి ఇంకా తెలీదని కొట్లో కూర్చుని గబగబా రాస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి. బాధగానే మొదలెట్టా గానీ ఆయన్ని తలుచుకుంటే నవ్వే వస్తోంది.

నాది బోల్టులూ ఎమరీ కాగితాలూ అమ్మే చిన్న కొట్టు. ఇద్దరికీ మధ్య ఒక్క రేకు గోడే. ఇరవై ఏళ్ళు ఆయన సుత్తి చప్పుడు వింటానే బేరాలు చేశా. చప్పుడు ఆగిందంటే ఆయన కళ్ళు మూసుకుని ఏదో కారు మీద అరచెయ్యి పాకిస్తున్నారని లెక్క. "కన్ను అబద్ధం చెప్పుద్దయ్యా షావుకారూ, చెయ్యి చెప్పదు" అనేవారు.

పెళ్ళికి పిలిచినా అంతే. బయట నిలబెట్టిన కార్లన్నీ తడుముకుంటా లోపలికొచ్చేవారు. ఒకసారి మా బజారు బట్టల కొట్టాయన్ని పంక్తిలోనే పట్టుకున్నారు.

"ఏమయ్యా, కుడి డోరుకి పుట్టీ పెట్టించావే, ఎక్కడ గుద్దావ్?"

పక్కనే ఆయన భార్య. "గుద్దారా? ఎప్పుడండీ?" అందావిడ. పాపం, ఆ పూట ఆయనకి పూర్ణాలు కూడా సహించలా.

నా సంగతి అంతకన్నా ఘోరం. పోయిన మాఘంలో మేం మొదటిసారి కారు కొన్నాం. మా అత్తగారికి మోకాళ్ళ నొప్పులు, బస్సెక్కలేరు. వాళ్ళమ్మని సొంత కార్లో అమరావతి తీసుకెళ్ళాలని మా ఆవిడకి ఎన్నాళ్ళదో కోరిక. బ్రాడీపేటలో మా ఇంటి ముందు బండి పూజ పెట్టుకున్నాం. బూడిద గుమ్మడికాయ మీద కర్పూరం వెలిగించి దిష్టి తీస్తున్నా. మండుతున్న కర్పూరం జారి వేళ్ళ మీద పడింది. అమ్మో అని వదిలేశా. కాయ తిన్నగా బానెట్ మీద పడింది.

సొట్ట ఎంతని? ఇడ్లీ అంత. కానీ మా ఆవిడ మొహం మాడిపోయింది. "దిష్టి తియ్యమంటే పెట్టారు గదండీ! ఈ కారు నేనెక్కను, మా అమ్మని ఎక్కించను, అమ్మేయండి" అని లోపలికెళ్ళి తలుపేసుకుంది.

నేను ఊరుకోవచ్చుగా? పచ్చడిబండ తెచ్చి, బానెట్ ఎత్తి, కింద నుంచి ఎడాపెడా బాదా. సొట్ట పోయి బొడిపె వచ్చింది. నొక్కితే టక్కున లోపలికి, వదిలితే టక్కున పైకి.

షెడ్డుకి తీసుకెళితే మేస్త్రి గారు రెండుసార్లు నొక్కి చూశారు.

"దేంతో కొట్టావ్?"

"పచ్చడిబండతో అండీ."

"పచ్చడేదీ మరి?"

నవ్వీ నవ్వీ స్టూలు మీద కూలబడ్డారు. తర్వాత చెప్పారు. "రేకు సాగిందయ్యా. చపాతీ పిండి ఒత్తేకొద్దీ పెరగదూ, అట్టా. పెరిగింది ఎక్కడికి పోద్ది? అందుకే ఎగిరెగిరి పడతంది. ఇంకా కొడితే ఇంకా సాగిద్ది. కాల్చి ముడుచుకునేట్టు చెయ్యాలి. పోయి ఇంటామెని తీసుకురా."

"ఆవిడెందుకండీ?"

"ఎక్కనంది ఎవరు, నువ్వా?"

మా ఆవిడ వచ్చి దూరంగా నిలబడింది. ఆయన అక్కడ రంగు గీకేసి, గ్యాసు మంట సన్నగా పెట్టి, రూపాయి బిళ్ళంత మేర ఎర్రగా కాల్చారు. కింద ఇనప దిమ్మె ఆనించి, పైన నాలుగు దెబ్బలు, పసిపిల్లని జోకొట్టినట్టు. మందంగా మడిచిన తడిగుడ్డ మా ఆవిడ చేతికిచ్చి, "అద్దమ్మా, భయపడమాక" అన్నారు. సుయ్యిమంది.

"చూడమ్మా, బండికున్న దిష్టంతా ఆ కాయ ఇక్కడికి దింపింది. నేను కాల్చా, నువ్వు చల్లార్చావ్. ఇంత బాగా దిష్టి తీసిన కారు గుంటూరు మొత్తంలో లేదు పో."

మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. అట్టా మూడుసార్లు కాల్చారు, ఆవిడే అద్దింది. టక్కుమనడం ఆగింది. "ఇంకోసారి చేద్దామండీ?" అన్నా నేను.

"నీకిదే జబ్బు. కొట్టడం ఎవడికైనా వచ్చు, ఆపడం రావాలి."

ఆ మాట నాకు బేరాల్లోనూ పనికొచ్చింది, ఇంట్లోనూ పనికొచ్చింది.

రెండ్రోజులకి పుట్టీ రంగూ ఆరాక, "కళ్ళు మూసుకుని వెతుక్కోమ్మా" అన్నారు. మా ఆవిడ బానెట్ అంతా తడిమింది, దొరకలా. కళ్ళు తెరిచి, "బాబాయ్ గారూ, మీరూ వస్తేనే నేనెక్కుతా" అంది. కార్లు బాగుచెయ్యడమేగానీ, షికారుకని ఆయన ఎప్పుడు ఎక్కారు గనక!

సోమవారం ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు. అమరావతి దారిలో లాం ఊరు దాటాక రోడ్డు పక్క కళ్ళంలో మిరపకాయలు ఎర్రగా ఆరబోసున్నాయి. చూస్తానంటే మా అత్తగార్ని మెల్లిగా దింపాం. ఆవిడకి ఎండ తగులుతోందని మేస్త్రి గారు భుజం మీద తువ్వాలు తీసి తల మీద గొడుగులా పట్టారు. అంతలో ఘాటు కొట్టింది. ఆవిడొక తుమ్ము, ఆయనొక తుమ్ము. తువ్వాలు ఎగురుతోంది, ఇద్దరికీ కళ్ళ నీళ్ళు కారుతున్నాయి, నవ్వు ఆగట్లేదు, వెనకాల కళ్ళమంతా ఎర్రగా మెరుస్తోంది.