సుభద్ర ఆంటీ బొటనవేలు

మా చిన్నప్పుడు... ఆదివారం చర్చి నుంచి వచ్చి అన్నం తినగానే, అమ్మ నన్ను పై అంతస్తులో ఉండే సుభద్ర ఆంటీ ఇంటికి తరిమేది. ఢిల్లీ ఆర్.కె. పురం క్వార్టర్స్‌లో మా తెలుగు పిల్లలందరికీ ఆవిడే డ్రాయింగ్ టీచరు. ముందుగదిలో చాప పరిచి, పీట మీద ఒక ప్లాస్టిక్ ఆపిల్, ఒక రాగిచెంబు పెట్టేది. ఏడెనిమిది మందిమి చుట్టూ బోర్లా పడుకుని వాటినే గీసేవాళ్ళం...

ఆవిడ దగ్గర మెత్తటి పాస్టెల్స్ ఉండేవి. చూడ్డానికి సుద్దముక్కల్లాగే ఉండేవి కానీ, వేలితో రుద్దితే రంగు కాగితం మీద వెన్నలా పాకేది. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఆ పెట్టె మూత తీస్తే చాలు, నాకింక ఏదీ గుర్తుండేది కాదు.

క్లాసు చివరి అరగంట మాత్రం ఆంటీది. మా అమ్మానాన్నలు వచ్చేలోపు, పూర్తయిన బొమ్మల్ని ఒక్కొక్కటే ఒళ్ళో పెట్టుకుని సరిచేసేది. బొటనవేలితో మా గీతల్ని చెరిపేసి, తన గీతలు పెట్టేది. అందుకే ఏ ఇంటికి వెళ్ళినా గోడ మీద అదే ఆపిల్, అదే చెంబు. పెద్దవాళ్ళు మురిసిపోయేవాళ్ళు. మాకూ పెద్ద పట్టింపు ఉండేది కాదు... ఆపిల్ ఎవరిదైతేనేం.

బుజ్జి విషయం అలా కాదు.

బుజ్జి మా మెట్ల కింద ఉండే బూడిదరంగు పిల్లి. ఏ కుక్కతో తగువు పెట్టుకుందో, ఒక చెవి సగం తెగిపోయి ఉండేది. అమ్మ ఆస్పత్రి డ్యూటీలో, నాన్న ఆఫీసులో ఉంటే, స్కూలు నుంచి వచ్చాక నాకు తోడు అదొక్కటే. ఒకసారి ఆంటీ మాకు నచ్చింది వేసుకోమంది. నేను బుజ్జిని వేశాను. మూడు ఆదివారాలు పట్టింది. ఆ తెగిన చెవి అంచుకే ఒక ఆదివారం మొత్తం పోయింది. పూర్తికాని బొమ్మని ఆంటీ ముట్టేది కాదు కాబట్టి, అప్పటిదాకా అది క్షేమంగానే ఉంది.

మూడో వారం చేతులు కడుక్కుని వచ్చేసరికి బొమ్మ ఆవిడ ఒళ్ళో ఉంది. బుజ్జికి రెండు చెవులూ వచ్చేశాయి, నిక్కబొడుచుకుని... మెడలో గులాబీరంగు రిబ్బను కూడా. నేను అంత కష్టపడి వేసిన చెవి ఆవిడ బొటనవేలి మీద బూడిదరంగు మరకై ఉంది.

ఏడుపు ఆగలేదు నాకు. ఆంటీ నవ్వింది.

"పిచ్చిపిల్లా, చెవి తెగిన పిల్లిని గోడకెవరు పెట్టుకుంటారే? ఇప్పుడు చూడు ఎంత ముద్దుగా ఉందో."

అప్పుడే వచ్చిన అమ్మ నా వీపు తట్టి, ఆంటీకి థాంక్స్ చెప్పమంది. చెప్పాను. ఆ మాట అన్నందుకు నా మీద నాకు ఇప్పటికీ మంటే.

ఆ చలికాలంలోనే బుజ్జి కనిపించకుండా పోయింది. మా ఇంట్లో కెమెరా లేదు. దాని గుర్తుగా మిగిలింది ఆ రిబ్బను పిల్లి ఒక్కటే. అమ్మ దానికి ఫ్రేము కట్టించి పదేళ్ళపాటు ముందుగదిలో ఉంచింది. వచ్చీపోయేటప్పుడు దాన్ని చూస్తూ పళ్ళు నూరుకునేదాన్ని...

ఇప్పుడు మయూర్ విహార్‌లో చిన్న ఫ్లాటు, బాల్కనీలో ఒక బల్ల, వేళ్ళనిండా రంగుపొడి. జనం పెంచుకునే కుక్కల్నీ పిల్లుల్నీ పాస్టెల్స్‌తో వెయ్యడమే నా బతుకుతెరువు. తీరిక దొరికితే సొట్టపడ్డ మరచెంబు, పుచ్చొంకాయలు వేసుకుంటాను. ఎవరెంత బతిమాలినా ఒక్క మచ్చ కూడా తియ్యను. కంట్లో పువ్వుంటే పువ్వే, పన్ను ఊడితే ఊడినట్టే. అందరూ అది నా స్టైల్ అంటారు. కాదండీ... కసి. ముప్ఫై ఏళ్ళ కసి.

పోయిన నెల ఫరీదాబాద్ నుంచి సుభద్ర ఆంటీ ఫోన్ చేసింది. రిటైరయ్యాక అక్కడే స్థిరపడ్డారట. నా బొమ్మలు ఎవరో చూపించారట, తన దగ్గర నేర్చుకున్న పిల్లనని అందరికీ చెప్పుకుంటోందట. వాళ్ళ కుక్క షేరూ ముసలిదైపోయింది, ఒక కంటికి పువ్వేసింది, బొమ్మలో మాత్రం రెండు కళ్ళూ చక్కగా ఉండాలంది. నేను అచ్ఛా ఆంటీ అని మాత్రం అన్నాను.

వేశాను. పదిహేను రోజులు, ఎన్నడూ లేనంత శ్రద్ధగా. పాలరంగు కమ్మిన కన్ను, దాని కింద కారిన చార, ఊడిన బొచ్చు, వేలాడే పెదవి... ఒక్కటీ వదల్లేదు. పాస్టెల్ చెయ్యి తగిలితే చెరిగిపోతుంది కదా, అందుకని గట్టి అద్దం బిగించి, మెట్రోలో ఒళ్ళో పెట్టుకుని నేనే తీసుకెళ్ళాను. ఆవిడ మొహం చూడాలి కదా మరి.

ఆంటీ చాలాసేపు చూసింది. "కన్ను అలాగే వదిలేశావేంటి బేటా... ఆగు, నేను కొంచెం సరిచేస్తాను" అంటూ బొటనవేలు చాపింది. వేలు అద్దానికి తగిలి ఆగిపోయింది.

"అది అలాగే ఉంటుంది ఆంటీ. మీరు మా బుజ్జికి లేని చెవి పెట్టారు. నేను షేరూకి లేని కన్ను పెట్టను."

ఏ బుజ్జి అంది. అంతా చెప్పాను, రిబ్బనుతో సహా. ఆవిడకి ఒక్క ముక్క గుర్తులేదు. ఎంతమంది బొమ్మలు సరిచేశానో, ఎన్నని గుర్తుంచుకోను తల్లీ అంటూ తలదించుకుంది. నాకు జాలి కలగలేదు, నిజం చెబుతున్నాను. తిరుగు మెట్రోలో హాయిగా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

మర్నాడు పొద్దున్నే, ఇక అడ్డేముందని, బుజ్జిని మొదలుపెట్టాను. బూడిదరంగు ఒళ్ళు వచ్చింది. మీసాలొచ్చాయి. చెవుల దగ్గర చెయ్యి ఆగిపోయింది... తెగింది కుడిచెవా, ఎడమచెవా? ఎంత తలుచుకున్నా నా కళ్ళకి ఆంటీ పెట్టిన రెండు చెవులే కనిపిస్తున్నాయి. అమ్మకి ఫోన్ చేసి అడిగాను. ఏ పిల్లి అంది అమ్మ.

ఇప్పటి పిల్లలకి ఒక్కో పిల్లికి వెయ్యి ఫోటోలు... నాకున్నది ఒక్క బొమ్మ, దాన్నీ బాగుచేసేశారు. మీ బొమ్మనీ ఎవరైనా ఇలా బాగుచేశారా? కింద రాయండి, చదువుతాను. క్షమించేశామని మాత్రం రాయకండి... నేనింకా క్షమించలేదు.