రామక్క ఒప్పుకున్న హోటలు

ఛాంపియన్ రీఫ్స్ బంగారు గని కార్మికుల ఇళ్ళ లైన్లలో రామక్క ఏనాడూ మధ్యాహ్నం ముందుగా తాను తిని ఎరుగదు. తన పొయ్యి మీది అన్నంలోంచే గడప దగ్గర ఎవరో ఒకరికి పెట్టాకే కంచం ముందు కూర్చునేది. పోస్టుమ్యాన్ కావచ్చు, చెత్తబండి తోలే ఆమె కావచ్చు, స్టీలు సామాన్లు అమ్ముకునేవాడు కావచ్చు. కొత్తకోడలిగా వచ్చిన ఏడాది అత్త చెప్పిన మాట అది.

"నీ మొగుడు భూమి కడుపులో ఉండాడు. నువ్వు పైన ఒక కడుపు నింపమ్మా. కిందున్నోణ్ణి దేవుడు చూసుకుంటాడు."

గని మూతపడేదాకా ఆమె భర్త వెంకటరామప్ప ప్రతి షిఫ్టుకూ క్షేమంగా పైకి వచ్చాడు. నాలుగేళ్ళ కిందట తన మంచం మీదే, చల్లగా కన్నుమూశాడు. దేవుడు మాట నిలుపుకున్నాడు, నేనెట్లా తప్పేది అని రామక్క నియమం విడవలేదు.

కూతురు శృతి ఆరేళ్ళుగా తెల్లవారుజాము రైలుకు బెంగళూరు ఆఫీసుకు పోయివస్తోంది. రామక్క ఆ రైలుకు డబ్బా కట్టడమే గాని ఎక్కింది లేదు. పెద్ద ఉద్యోగం వచ్చిన నెలలో, ఒక శనివారం, శృతి తల్లిని బలవంతంగా ఎక్కించింది.

"పెద్ద హోటల్లో భోంచేద్దాంమా. మూడు చూసి పెట్టినాను. యాడ తినాలో నువ్వే చెప్పాల."

"నా నియమం?"

"దావలో ఎవరికన్నా పొట్లం కొనిద్దాంలే."

"వండినచోటే పెట్టాల పాపా. లేదంటే ఇంటికి పోయినాకే తింటాను."

సరేలే అంది శృతి. తల్లి ఈ ఒక్కరోజు తనతో కూర్చుని తినకుండా వెనక్కి పోతే ఆ పెద్ద ఉద్యోగం ఏం సంబరం?

మొదటి హోటలు అద్దాల మేడ. తలుపు తీసినవాణ్ణి రామక్క, "తిన్నావాప్పా?" అని కన్నడంలో అడిగింది. అతను లోపలికి బెదురుగా చూసి, డ్యూటీలో మాట్లాడకూడదమ్మా అన్నాడు. ఆమె వెనుదిరిగింది. రెండోచోట పార్శిలు తీసుకుపోవడానికి వచ్చినతను మంచినీళ్ళు అడిగితే బయట కొనుక్కోమన్నారు. రామక్క మెట్టు కూడా ఎక్కలేదు.

"పెండ్లికొడుకును చూసినట్లు చూస్తాండావే హోటళ్ళను!" శృతికి విసుగొచ్చింది.

"పెండ్లికొడుకునైతే ముఖం చూసి ఒప్పుకోవచ్చు. అన్నం పెట్టేవోణ్ణి పెరడు చూసే ఒప్పుకోవాల."

మూడో హోటలు ముందర పూలకుండీలు, ఇత్తడి గంటలు. తలుపు ఇంకా తెరవలేదు. రామక్క వాటిని చూడనైనా చూడకుండా సందులోంచి వెనక్కి నడిచింది. శృతి తలపట్టుకుని వెంట పరుగెత్తింది. అక్కడ, వంటింటి వాకిట్లో, పనివాళ్ళంతా వరుసగా కూర్చుని తింటున్నారు. తెల్లకోటు వేసుకున్న పెద్ద వంటవాడు తానే వంగి వడ్డిస్తున్నాడు.

"ఇట్ల దావ లేదమ్మా," అన్నాడతను. అతని పేరు మునిశంకర్. మాట వింటేనే తమ వైపు ముళబాగిలువాడని తెలిసిపోయింది.

"దావ కోసరం రాలేదప్పా. మీవాళ్ళు ముందే తింటారా?"

"పన్నెండుకు తలుపు తీస్తాము. ఉత్తకడుపుతో వడ్డిస్తే చెయ్యి వణుకుతాదమ్మా."

రామక్క కళ్ళు చెమర్చాయి. "ఈడ్నే తింటాము పాపా," అంది. తర్వాత చేతులు జోడించి అడిగింది: "ఒక్క గరిటె నా చేత్తో పెట్టనిస్తావాప్పా? పెట్టకుండా నేను తినను."

"అమ్మా! ఇది మన ఇల్లు కాదు!" శృతి సిగ్గుతో చచ్చిపోయింది.

మునిశంకర్ నవ్వలేదు. కొళాయి చూపించాడు. "చేతులు కడుక్కో తల్లీ. మాయమ్మ కూడా ఇట్లే."

అంట్లు కడిగే ఆమె అందరికంటే చివర్న అప్పుడే కూర్చుంది. రామక్క ఆమె కంచంలో అన్నం పెట్టి, అనపగింజల పులుసు పోసింది. "ఇంగొంచెం?" అని మళ్ళీ పోసింది. "నాకు ఈడ వడ్డించేది ఇదే మొదలు అక్కా, ఎప్పుడూ నేనే పెట్టుకుంటాను," అందామె. గరిటె కిందపెట్టేటప్పటికి రామక్క ముఖం హారతి వెలుగులో ఉన్నట్లుంది. శృతి సిగ్గు ఎటు పోయిందో ఆమెకే తెలియలేదు.

ముందు తలుపు తెరిచాక తల్లీకూతుళ్ళు దొరసానుల్లాగా లోపలికి నడిచారు. మెనూ కార్డులో చూసి శృతి రాగిముద్ద చెప్పింది. వెడల్పాటి తెల్లపళ్ళెం నడుమ నిమ్మకాయంత ముద్ద వచ్చింది.

"ఇది ముద్దా, గోలీనా? షిఫ్టుకు పోయేవోళ్ళు చూస్తే ఆడుకుంటారు," అంది రామక్క. శృతికి పొలమారింది.

అంతలో మునిశంకర్ స్వయంగా వచ్చి, ఆవిరి కక్కుతున్న పెద్ద ముద్ద, పులుసుగిన్నె పెట్టాడు. "ఇది కార్డులో లేదమ్మా. మేము తినేది."

రామక్క కళ్ళకద్దుకుని, తుంచి, పులుసులో ముంచి, ముద్ద తినే తీరులో నమలకుండా మింగింది. పక్కబల్ల దగ్గర కోటు వేసుకున్న పెద్దమనిషి తన పళ్ళెం వంకా, ఆమె పళ్ళెం వంకా చూసి వడ్డించేవాణ్ణి పిలిచాడు.

"ఆ పెద్దామె తింటోందే, మాకూ అదే తెండి."

ఆ వెనక బల్లవాళ్ళూ చెయ్యెత్తారు. వంటింట్లోకి తిరిగివెళ్ళిన మునిశంకర్ నవ్వు హాలంతా వినబడింది.

"ఉండాదాప్పా అందరికీ?" రామక్క అక్కడినుంచే కేకేసింది. "చాలకపోతే చెప్పు, లేచి వస్తాను!"