రెడ్డెప్ప మోకాళ్ళ కోసం ఒక సైకిలు

పుంగనూరు ఆవు పొట్టితనానికి ప్రసిద్ధి. అలాంటి ఊళ్ళో పశువుల ఆసుపత్రికి కాంపౌండరుగా ఆరడుగుల నాలుగంగుళాల మనిషిని వేయడం ప్రభుత్వం వారి హాస్యప్రియత్వానికి నిదర్శనమని కొందరు, ప్రభుత్వానికి అసలు హాస్యమే తెలియదని మరికొందరు వాదించుకునేవారు. ఆ మనిషి పేరు రెడ్డెప్ప. ఆవు పక్కన నిలబడితే, సూది వేయడానికి వచ్చినట్టు కాక, ఆవెక్కడుందో వెతకడానికి వచ్చినట్టు కనిపించేవాడు.

నడుము వంచడం వృత్తిధర్మమని సరిపెట్టుకున్నాడు. సరిపెట్టుకోలేనిది సైకిలు. పల్లెలన్నీ దాని మీదే తిరగాలి. తొక్కితే మోకాళ్ళు హ్యాండిలుకు కొట్టుకునేవి. ఆ దెబ్బ తప్పించుకోవడానికి రెండు మోకాళ్ళూ బయటికి తిప్పి తొక్కేవాడు. దూరం నుంచి చూసేవారికి, తలుపులు తెరిచిన బీరువా ఒకటి తనంతట తానే వస్తున్నట్టుండేది. సాయంత్రం ఇంటికి చేరాక ఆ మోకాళ్ళకు భార్య గౌరమ్మ ఎద్దుల తైలం రాసేది.

1996లో మదనపల్లె సైకిలంగడికి పోయి పెద్ద సైజు అడిగాడు.

"ఇదే పెద్దదప్పా. ఇంకా ఎత్తు కావాలంటే గుర్రాన్ని కొనుక్కో," అన్నాడు అంగడాయన.

"దానికి రోగమొస్తే మళ్ళీ నేనే సూదెయ్యాల," అని రెడ్డెప్ప ఇంటికొచ్చి, తన సైకిలు తానే కట్టుకోబోతున్నట్టు ప్రకటించాడు.

"తొక్కేదే సక్కగా రాదు నీకు. కట్టేది యాల?" అంది గౌరమ్మ.

"సక్కగా రానిది కట్టినోడి తప్పు మే. నాది కాదు."

అంగడి సైకిళ్ళలో గొట్టాలు కలిసే చోట ఇనుప తొడుగులుంటాయి. రెడ్డెప్ప కొలతకు తొడుగులు పోసినవాడు లేడు. కాబట్టి గొట్టాన్ని గొట్టానికి ఆనించి, ఆ సందు చుట్టూ ఇత్తడిని కరిగించి, మూలను నున్నగా నింపాలి. ఆ విద్య తెలిసినవాడు మదనపల్లెలో విన్సెంట్. మిషన్ ఆసుపత్రి మంచాలూ చక్రాల కుర్చీలూ అతికీ అతికీ జుట్టు నెరిసినవాడు.

చిక్కల్లా ఒకటే. రెడ్డెప్పకు తీరికయ్యేది ఆదివారం. విన్సెంట్ ఆదివారం పనిముట్టు ముట్టడు. చివరికి ఒక ఒడంబడిక కుదిరింది. ఆరాధన ముగిశాక, ఇంటి వెనక షెడ్డులో, గురువు తెల్లబట్టలతో కుర్చీలో కూర్చుని నోటితో చెప్పవచ్చు, చెయ్యి పెట్టరాదు. మాట్లాడడం పని కిందికి రాదా అని రెడ్డెప్ప అనుమానపడితే, విన్సెంట్ భార్య ఫ్లోరా తీర్పు చెప్పింది: "వారమంతా ఆయన చేసేది అదేనప్పా. దాన్నెవురూ ఇంతవరకూ పని అన్లేదు."

అలా రెడ్డెప్ప నిప్పుతో చేసే విద్యను చెవులతో నేర్చుకోవడం మొదలుపెట్టాడు.

"ఇత్తడి కడ్డీని కాల్చద్దు. గొట్టాన్ని కాల్చు," అనేవాడు విన్సెంట్. "వేడి యాడుంటే ఇత్తడి ఆడికి పోతాది. నువ్వు తరమాల్సిన పన్లే."

రెడ్డెప్ప తరిమాడు. పైగా కాంపౌండరు కదా, కట్టు ఎంత లావుంటే అంత బలమని నమ్మినవాడు. నేర్చుకోవడానికిచ్చిన పాత గొట్టం ముక్కల అతుకు చుట్టూ ఇత్తడి ముద్దలు ముద్దలుగా పేర్చాడు.

"ఇదేందప్పా, విరిగిన కాలికి కట్టు కట్టినావా?"

"గట్టిగా ఉంటాదని..."

"రంపం తీసుకో. నడిమికి కొయ్యి."

కోశాడు. లోపల ఇత్తడి జాడే లేదు.

"సూడు. ఇనుమూ ఇత్తడీ పక్కపక్కనే ఉండాయి గానీ పలకరించుకోలా," అన్నాడు విన్సెంట్.

తర్వాతి ఆదివారం మళ్ళీ అతికాడు, మళ్ళీ కోశాడు. ఇత్తడి పారడానికి పూసే వెలిగారం తక్కువై ఒకటి పోయింది. గొట్టం కాలి చిల్లుపడి ఇంకొకటి పోయింది. రెడ్డెప్పకు కోపం రాలేదు. ఆవులు తన్నినప్పుడూ రాదు. రెండో ఏడు వానలు వెలిసేసరికి, కోసిన ముక్కల్లో ఇత్తడి సందు లోపలిదాకా దిగి కనిపించసాగింది. అప్పుడు బెంగళూరు నుంచి లారీలో పొడుగు గొట్టాలు తెప్పించి అసలు సైకిలుకు పూనుకున్నాడు.

అన్ని అతుకులూ పూర్తయి, హ్యాండిలు దిగే గొట్టం దగ్గర ఒక్కటే మిగిలినప్పుడు, కుప్పానికి బదిలీ ఉత్తర్వు వచ్చింది. సోమవారం చేరాలి. కుప్పం నుంచి మదనపల్లెకు వచ్చిపోవడంతోనే ఆదివారం అయిపోతుంది. అంటే ఇదే ఆఖరి పాఠం. ఈ గొట్టం కాలిపోతే వేరే గొట్టమూ లేదు.

అతికాడు. ఇత్తడి బంగారంలా మెరుస్తూ చుట్టూ తిరిగింది. విన్సెంట్ కుర్చీలోంచే వంగి చూశాడు.

"పైన బాగుండాది."

ఆయన నోట ఇంతకు మించిన తిట్టు లేదని రెడ్డెప్పకు తెలుసు. తిప్పి చూశాడు. అడుగున ఇత్తడి అంచు దగ్గరే ఆగిపోయింది.

"పెయింటు కొడితే కనపడదు గదన్నా?"

"కనపడదు. విరిగేదాకా."

రెడ్డెప్ప గొట్టాన్ని గీకి శుభ్రం చేసి, మళ్ళీ వెలిగారం పూసి, మంట చిమ్మే బ్లోపైపు వెలిగించాడు. మంట ఒకే చోట నిలిచిపోయింది. విన్సెంట్ లేచాడు. గడియారం విప్పి జేబులో వేసుకున్నాడు. తెల్లచొక్కా చేతులు మడవసాగాడు.

"ఏందది? చేతులు మడుస్తాండావు?" షెడ్డు వాకిట్లోంచి ఫ్లోరా గొంతు.

"గొట్టం పోతాది ఫ్లోరా..."

"పోతే పోనీన్నా," అన్నాడు రెడ్డెప్ప తల తిప్పకుండానే. "నువ్వు కూర్చో. రేపు కుప్పంలో ఇది విరిగితే, ఎవుడు అతకాల? నేనే గదా. సెప్పు, యాడ పెట్టాల మంట?"

విన్సెంట్ కూర్చోలేదు. రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు.

"అడుగు నుంచి. దగ్గరికి పోవద్దు... తిప్పు. ఎర్రబడనీ. పసుపు తిరిగితే గొట్టం పోయినట్టే. ఇంకొంచెం... ఇప్పుడు, కడ్డీ తాకిచ్చు!"

తాకించాడు. ఇత్తడి ఒక్క క్షణం గుండ్రంగా నిలబడి, తర్వాత ఎవరో పిలిచినట్టు సందులోకి జారి, చుట్టూ పరుచుకుంది.

"పారింది," అన్నాడు విన్సెంట్. అప్పుడు కూర్చున్నాడు.

సాయంత్రానికి పాత సైకిలు చక్రాలూ హ్యాండిలూ తగిలించి, రంగు లేని, మసిపట్టిన ఆ సైకిలెక్కి రెడ్డెప్ప పుంగనూరుకు బయలుదేరాడు. మోకాళ్ళు దేనికీ తగలడం లేదు. అయినా అలవాటు కొద్దీ అవి రెండు పక్కలకూ తెరుచుకునే తిరుగుతున్నాయి.

"లోపలికప్పా!" వెనక నుంచి విన్సెంట్ అరిచాడు. "మోకాళ్ళు లోపలికి! ఆడ తగిలేదానికి ఏమీ లే!"

కుడి మోకాలు వీధి మలుపులోనే నమ్మింది. ఎడమది ఊరు దాటి పుంగనూరు రోడ్డెక్కేదాకా నమ్మలేదు.