మూడడుగుల గుర్తు

మా నాన్న కమాలుద్దీన్ జన్మలో ఒక్కటే అబద్ధం ఆడాడు. కాకపోతే దాన్ని పంతొమ్మిదేళ్ళపాటు ఆడాడు. ఆయన మంచివాడని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. మంచివాడే, కాదన్నదెవరు? ఆ మంచితనమే కదా మా కొంప ముంచింది. మా ఒక్క కొంపే అయితే పోనీలే అనుకునేదాన్ని.

తిరువూరు దాటాక వాగు మీద ఉన్న చిన్న ఆనకట్టకు ఆయన లస్కరు. షట్టర్లు ఎత్తడం, దించడం, మరలకు గ్రీజు పెట్టడం, తూముల్లో చిక్కుకున్న చెత్త తీయడం ఆయన పని. రోజూ ఉదయం ఏడింటికి సైకిలు మీద వెళ్ళి, నీళ్ళలో పాతిన గేజి రాయి చూసి, ఎన్ని అడుగుల నీళ్ళున్నాయో పుస్తకంలో రాసేవాడు. జ్వరమొచ్చినా మానేవాడు కాదు. రంజాన్ నెలలో గొంతు తడి చేసుకోకుండా నడుంలోతు నీళ్ళలో దిగి నాచు పీకేవాడు. "ఆ వాగునే చేసుకోకపోయారా, నన్నెందుకు చేసుకున్నారు?" అని మా అమ్మ పీర్‌బీ దెప్పేది.

ఆ పుస్తకంతో ఒక చిక్కుంది. రాయి మీద నీళ్ళు మూడడుగులుంటేనే శివారు కాలువకు షట్టరు ఎత్తాలి. అంతకు తగ్గితే నీళ్ళు పై పొలాలకే. చివరనున్న పేటవాళ్ళు ఆకాశం వంక చూస్తూ కూర్చోవాల్సిందే. ఆయన ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ పేట నుంచి హెప్సిబా అనే ఆవిడ ఎండిన వరి దుబ్బు ఒకటి పీక్కుని ఆనకట్ట దగ్గరికి వచ్చింది. ఆమె భర్త అంతోనయ్యకు ఉన్నది ఎకరం చేను.

"ఒక్క తడి అన్నయ్యా. ఒక్క తడి పడితే గింజ పాలు పోసుకుంటుంది" అంది.

రాయి మీద రెండున్నర ఉంది. మా నాన్న పుస్తకంలో మూడు అని రాసి షట్టరు ఎత్తాడు. పై పొలాలకు ఆ మాత్రం తగ్గిన సంగతి ఎవరికీ తెలియలేదు.

ఆ ఆదివారం హెప్సిబా చర్చిలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పిందట. ఉపవాసముండి ప్రార్థన చేస్తే ప్రభువు వాగులో నీళ్ళు పెంచాడని, పేటను కాపాడాడని. ఆ సంగతి మా నాన్నకు ఆమే వచ్చి సంబరంగా చెప్పింది. ఆయన నవ్వి ఊరుకున్నాడు. ఇక అక్కణ్ణుంచి ఏటా అదే వరస. వాగు తగ్గితే ఆమె ఉపవాసం మొదలుపెట్టేది, ఈయన మూడు రాసేవాడు, ఆమె సాక్ష్యం చెప్పేది. పాపం, ఆమెకేం తెలుసు?

ఇంతలో ఎగువన, రాష్ట్ర సరిహద్దు అవతల, ఒక బొగ్గు గని తవ్వారు. గనిలో ఊరే నీళ్ళు తోడి ఎక్కడో ఒకచోట పొయ్యాలి. తుప్పు రంగులో, పుల్లగా ఉండే నీళ్ళవి. వాటిని చెరువుల్లో నిలవబెట్టి, సున్నం కలిపి, తేరాకే వదలాలని పొల్యూషన్ ఆఫీసు షరతు పెట్టింది. అది చాలదని ఇంకొకటి కూడా పెట్టింది. కింద మా ఆనకట్ట దగ్గర నీళ్ళు మూడడుగులుంటేనే గనివాళ్ళు వదలాలి. వాగు నిండుగా పారుతుంటే ఆ నీళ్ళ చెడు విరిగిపోతుందని. కొత్త గుర్తు ఎందుకులే అని ఉన్న గుర్తునే వాడుకున్నారు. రోజూ ఆ అంకెను వాట్సాప్ గ్రూపులో పెట్టమన్నారు. మా నాన్నకు ఫోను చేతకాదు. జాకెట్లు కుట్టుకుంటూ ఇంట్లో ఉండేదాన్ని కాబట్టి నేనే పెట్టేదాన్ని. ఫొటో పంపమని ఎవరూ అడగలేదు. కమాలుద్దీన్ చెప్పాడంటే అంత నమ్మకం.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. "నాన్నా, నిజంగా మూడుందా?"

"పుస్తకంలో ఒకటి రాసి ఫోనులో ఇంకొకటి ఎట్లా చెప్తాం సబీహా? నువ్వు పెట్టు. వాళ్ళు చదువుకున్నోళ్ళు, నీళ్ళు తేర్చకుండా వదుల్తారా ఏంటి?"

నాకు అర్థమైంది. అర్థమై కూడా పెట్టాను. రెండేళ్ళు ఏమీ జరగలేదు.

పోయిన ఏడు జూలైలో వానలు ముఖం చాటేశాయి. రాయి మీద రెండడుగులు కూడా సరిగ్గా లేవు. శివారులో నారుమళ్ళు నెర్రెలిచ్చాయి. హెప్సిబా ఉపవాసం మూడో రోజుకు వచ్చింది. మా నాన్న ఇంటికి వచ్చి, నా మొహం చూడకుండా "మూడు" అన్నాడు. నేను పంపాను. గనిలో చెరువులు పొర్లడానికి సిద్ధంగా ఉన్నాయట. ఆ అంకె కోసమే కాచుకుని ఉన్నారు, చూడగానే తేరీ తేరని నీళ్ళను వాగులోకి వదిలేశారు.

మర్నాడు వాగు ఇటుకరాయి రంగులో వచ్చింది. చేపలు తెల్లటి పొట్టలు పైకి పెట్టి ఆనకట్టకు ఆనుకుని తేలాయి. మా నాన్న ఎత్తిన షట్టరు గుండా ఆ నీళ్ళు తిన్నగా పేటకు వెళ్ళాయి. నాలుగు రోజుల్లో నారు మాడిపోయింది. అంతోనయ్య మడిలో ఒక్క పచ్చటి మొక్క మిగల్లేదు.

విచారణ పెట్టారు. ముందు రోజు రాత్రి మా అమ్మ అన్నం ముందు పెట్టి బతిమాలింది.

"ఇంకో రెండేళ్ళలో రిటైరవుతారు. రాసింది రాసినట్టే ఉందని చెప్పండి, అయిపోతుంది."

"అట్లా చెప్తే గనివాళ్ళు రూలు ప్రకారమే వదిలినట్టు. రేపు మళ్ళీ వదుల్తారు."

"నిజం చెప్తే మీ ఉద్యోగం పోతుంది. ఆ పేటకు నీళ్ళూ పోతాయి. ఎవరికండీ లాభం?"

ఆయన కంచం పక్కకు జరిపి లేచాడు.

ఆనకట్ట మీదే కుర్చీలు వేశారు. పొల్యూషన్ ఆఫీసు మేడమ్, గని మేనేజరు, పేటవాళ్ళందరూ వచ్చారు. ఆ రోజు నీళ్ళెంత అని మేడమ్ అడిగింది. "రెండుకు తక్కువేనండి. మూడని నేనే రాశాను" అన్నాడు మా నాన్న. ఎన్నాళ్ళ నుంచి అంటే పంతొమ్మిదేళ్ళన్నాడు. తప్పంతా ఈయన మీదికి పోయిందని గని మేనేజరు హాయిగా వెనక్కి వాలాడు.

"ఏంటి సాయిబు గారూ, అన్నేళ్ళూనా?" అన్నాడు అంతోనయ్య. హెప్సిబా గేజి రాయి వంక అట్లాగే చూస్తూ నిలబడింది.

మా నాన్నను సస్పెండ్ చేశారు. రాయి పక్కన నీళ్ళ ఎత్తు కొలిచే మిషను పెట్టారు. ఇప్పుడు అది చెబితేనే గనివాళ్ళు నీళ్ళు వదలాలి. ఎర్రనీళ్ళు మళ్ళీ రాలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ మిషనుకు జాలి ఉండదు. ఆ సీజనంతా అది మూడు చూపించలేదు, శివారు షట్టరు లేవలేదు. అంతోనయ్య చేను బీడు పెట్టి, రెడ్డిగూడెం మామిడి తోటల్లో కూలికి పోయాడు.

మొన్న మార్చిలో మా నాన్న ఆ పేటకు తీసుకెళ్ళమన్నాడు. స్కూటీ మీద తీసుకెళ్ళాను. హెప్సిబా కుర్చీ వేసింది. ఆయన కూర్చోకుండా చేతులు జోడించాడు.

"నీ మీద కోపం లేదన్నయ్యా" అందామె. "ఆ నీళ్ళతోనే పిల్లల్ని పెంచుకున్నాం. కానీ ఆదివారం పాస్టరు గారు సాక్ష్యాలు చెప్పమంటే కాళ్ళు లేవట్లేదు. పంతొమ్మిదేళ్ళు చెప్పాను కదా. ఇన్నాళ్ళూ నా ప్రార్థన విన్నది దేవుడా, నువ్వా?"

మా నాన్న అక్కడే నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నాకూ ఏడుపు ఆగలేదు. "ఫోనులో పెట్టింది నేనే అత్తా" అన్నాను. ఆమె నా తల నిమిరింది. తర్వాత ఇద్దరినీ అక్కడే వదిలేసి లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.