తుంగ తవ్వినందుకు తవుడు

పందులు మురికి తింటాయని జనం ముక్కు మూసుకుంటారు. మూసుకోనివ్వండి. మా ఊరి కామందు మడిని మా పందులు బాగుచేసినట్టు ఏ కూలీ చెయ్యలేదు.

ఇది పంతొమ్మిది వందల ఇరవైల నాటి మాట. నేను కొత్తకోడలిగా నర్సీపట్నం శివారుకు వచ్చాను. మామ అప్పటికే పోయాడు. నా మొగుడు గొలుగొండ వైపు బెల్లం వండే చోట కూలికి పోయేవాడు. ఇంటి దగ్గర అత్తా, నేనూ, ఒక ఆడపందీ, దాని పాత ఈత పిల్లలు కొన్నీ.

వరి కోసేశాక, చెరకు నాటే ముందు, కామందు అత్తకు కబురు పంపేవాడు. ఆయన మడి నిండా తుంగ. పైన ఎంత పీకినా కింద గడ్డలు ఉంటాయి, మళ్ళీ మొలుస్తాయి. మా పందులు ఆ గడ్డల కోసం మూతులతో నేలంతా తవ్వేవి, తింటూనే ఎరువు వేసేవి. కామందు తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని గట్టు మీద నిలబడి, ఇంకా ఆ మూల మిగిలిందని చూపించేవాడు. మాకు కూలి లేదు. వానలు పడ్డాక వాళ్ళింట్లో దంపిన తవుడంతా మా పందులకే అన్నది మాట.

ఆ మాట మీదే మా బతుకు. వానల్లో అన్ని మళ్ళలోనూ నాట్లు, పందిని వదిలితే తగువులే. దొడ్లోనే కట్టి మేపాలి. చూడిపందికైతే అత్త నెల ముందునుంచే తవుడు ఉడికించి, ఉలవపొట్టు కలిపి, చేత్తో నలిపి మరీ పెట్టేది. అది ఈనే పిల్లలే మా ఏడాది తిండి.

ఒక ఏడు ఊళ్ళోకి బియ్యం మర వచ్చింది. కామందు ఇంట్లో రోకళ్ళు మూలపడ్డాయి. పాపం, ఆ ఇంటి కోడళ్ళకు చేతుల నొప్పి తగ్గింది, సంతోషమే. వానలు పడ్డాక అత్త తవుడుకని తట్ట పట్టుకుని వెళ్ళింది, వెనకాల నేను.

"తవుడు మర నడిపీవోడు ఉంచీసుకుంతన్నాడే. ఆడించినందుకు ఆడికదే కూలి. నానేటి సేసేది?" అన్నాడు కామందు.

"మాటిచ్చినారు బాబూ. మా పంది సూడితో ఉంది," అంది అత్త.

"దంపితే ఇస్తానన్నాను. ఇప్పుడు దంపట్లేదు గందా."

ఎంత చక్కగా తప్పించుకున్నాడో చూడండి. మడి దున్నుకున్నాడు, చెరకు నడుమెత్తు పెరిగింది, మాట మాత్రం మరలో పడి పిండైపోయింది.

అరటి దవ్వ, చేమాకులు, తోటకూర కాడలు ఉడికించి పెట్టాం. అదంతా నీళ్ళే. పంది వెన్నెముక పైకి తేలింది. జోరువానలో ఈనింది. పాలు లేవు. పిల్లలు పొదుగు పట్టుకుని లాగుతుంటే అది లేచి అరిచేది. తెల్లారి చూస్తే పిల్లల్ని అదే తినేసింది. మిగిలిన ఒక్కటీ ఆ సాయంత్రమే పోయింది. అత్త దొడ్లో కూలబడి ఆ పంది మెడ నిమురుతూనే ఉంది. నాకు దాన్ని చూస్తే భయం వేసింది, కామందును తలుచుకుంటే ఒళ్ళు మండింది.

కబురు కామందు దాకా వెళ్ళింది. దారిలో ఎదురై అన్నాడు: "సొంత పిల్లల్నే తినీసిందటే. అందుకే గందా దాన్ని పందంతారు."

అత్త తల వంచుకుని పక్కకు తప్పుకుంది. నేను తప్పుకోలేదు.

మరుసటేడు మళ్ళీ తుంగ మొలిచింది. మళ్ళీ కబురు వచ్చింది.

"ఎల్లకత్తా. ఆడి మడి తుంగతోనే సావనీ," అన్నాను.

"ఎల్లకపోతే దీనికి ఏటి పెడతావే? ఇప్పుడు మేతున్న మడి అదొక్కటే," అంది అత్త, కర్ర అందుకుంటూ.

పందుల్ని తోలుకుని వెళ్ళాం. కామందు గట్టు మీదే ఉన్నాడు, తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని. వానల్లో మేతకు ఏమిస్తారని ఈసారి అత్త అడగను కూడా అడగలేదు.